డ్రెస్డెన్ గ్రంథంలోని మాయా తేదీని మన తేదీగా మార్చడం ఎలా?

కావలసినవి పెన్సిలు, కాగితం, డ్రెస్డెన్ గ్రంథం (మధ్య అమెరికాలోని మాయా ప్రజల చేతిరాత పుస్తకం) 24వ పుట చిత్రం. జర్మనీలో ఆ గ్రంథాన్ని భద్రపరచిన గ్రంథాలయమే చిత్రాలను వెబ్‌సైటులో ఉంచింది. చుక్క 1, అడ్డగీత 5, గవ్వను పోలిన గుర్తు 0. శుక్రుడి పట్టికకు ఉపోద్ఘాతం వంటి ఈ పుటలో 9, 9, 9, 16, 0 అని పై నుంచి కిందికి నిలిచిన సంఖ్యను తీసుకొని, కాగితం మీద కూడా నిలువుగానే రాయాలి. అడ్డంగా రాస్తే స్థానాలు తారుమారవుతాయి.

అసలు జాగ్రత్త స్థానవిలువల దగ్గరే అవసరం. మాయా ప్రజలు ఇరవైలలో లెక్కించారని చదివినవారు ప్రతి స్థానాన్నీ 20తో హెచ్చిస్తూ పోతారు. నేను సరిచూసిన లెక్కలలో చాలావాటిని చెడగొట్టింది ఇదే. కింది నుంచి మొదటి స్థానం 1, రెండవది 20. మూడవది మాత్రం 400 కాదు, 360. సంవత్సరానికి దగ్గరగా ఉండేందుకు అక్కడ 18తోనే హెచ్చించారు. ఆపైన మళ్ళీ ఇరవైలే కనుక నాలుగవది 7,200, ఐదవది 1,44,000. ఈ ఒక్క పొరపాటుతో ఈ తేదీ దాదాపు 415 ఏళ్లు ముందుకు జరిగి, క్రీ.శ. 623 కావలసినది 1038 అవుతుంది.

ఒక్కో సంఖ్యను దాని స్థానవిలువతో హెచ్చిస్తే వచ్చే 12,96,000, 64,800, 3,240, 320, 0 కూడితే 13,64,360 రోజులు. మన పంచాంగకర్తలు కలియుగాది నుంచి లెక్కించే అహర్గణం వంటిదే ఇది; మాయా లెక్క మాత్రం క్రీ.పూ. 3114లో మొదలవుతుంది.

దీనికి 5,84,283 కలిపితే జూలియన్ దినసంఖ్య (ఖగోళశాస్త్రజ్ఞులు ఎడతెగకుండా లెక్కించే రోజుల వరుస సంఖ్య) 19,48,643 వస్తుంది; కలిపినది మాయా లెక్క మొదలైన రోజుకు ఆ వరుసలో ఉన్న సంఖ్య. అది జూలియన్ క్యాలెండరులో 623 ఫిబ్రవరి 4, గ్రెగోరియన్ పద్ధతిలో ఫిబ్రవరి 7. కొందరు 5,84,285 కలుపుతారు. గ్వాటెమాలా కొండప్రాంతాలలో కిచే మాయా దినగణకులు నేటికీ పాటిస్తున్న 260 రోజుల వరుసతో (1 నుంచి 13 వరకు సంఖ్యలు, 20 దినాల పేర్లు జతగా తిరిగేది) సరిపోయేది మొదటి సంఖ్యే కనుక అదే వాడాలి.

ఆన్‌లైన్ గణనయంత్రాలు జవాబిస్తాయే గాని, గీతను చుక్కగా పొరబడితే హెచ్చరించవు. అందుకే ఈ పరీక్ష విధిగా చేయాలి. 13,64,360ని 13తో భాగిస్తే శేషం 10. లెక్క మొదలైన దినం ఆ 260 రోజుల వరుసలో 4 అహావ్ (అహావ్ ఆ 20 పేర్లలో ఒకటి) కనుక 4కు 10 కలిపి 13 తీసివేస్తే 1. 20తో భాగిస్తే శేషం లేదు, కాబట్టి దినం పేరు మళ్ళీ అహావ్. శుక్రుడు మౌఢ్యం వీడి తెల్లవారుజామున తూర్పున తొలిసారి కనిపించే రోజుగా ఆ పట్టిక ఎంచుకున్నది 1 అహావ్‌నే. మరొకటి వస్తే పుట దగ్గరకు తిరిగి వెళ్ళి, గీతలను మళ్ళీ లెక్కపెట్టాలి.