పిల్లలకు ప్రకృతి కవిత్వం: ఎర్ర నేల మీద ఎలా మొదలుపెట్టాలి

మా అనంతపురం పిల్లల్ని ప్రకృతి మీద నాలుగు లైన్లు రాయమని అడిగి చూడండి. కోయిల, సెలయేరు, పచ్చని లోయ అని రాస్తారు. కోయిల సరే, సెలయేరు వీళ్లు ఎక్కడ చూశారు? ఊరు దాటగానే కనబడే ఎర్రటి దుక్కి, చెనిక్కాయ చేను, గెనిమ (చేని గట్టు) మీద తంగేడు పూలు మాత్రం ఆ కాగితం మీదికి రావు. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే చోట పుట్టిన పిల్ల, ప్రకృతి అంటే కోనసీమలో ఉండేదని అనుకుంటూ పెరుగుతోంది. ఇది నాకు నిజంగా బాధ. కవిత్వంతోనే దీన్ని మార్చొచ్చు, కాకపోతే పుస్తకం తెరవడానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది.

ముందు చూపించండి, పద్యం తర్వాత. వానాకాలంలో వంక పక్కన ఈతచెట్లకో, పాత బావి మీదికి వంగిన తుమ్మకొమ్మకో గిజిగాడి గూళ్లు వేలాడుతుంటాయి. అక్కడ ఒక అరగంట కూర్చోబెట్టి మీరు ఊరికే ఉండండి. మగపిట్ట గడ్డిపోచలు చీల్చి తెచ్చి ముక్కుతో అల్లుతుంది, గూడు సగం అయ్యాక ఆడపిట్ట వచ్చి లోపలికి దూరి చూస్తుంది, నచ్చితే ఉంటుంది, లేదంటే వెళ్లిపోతుంది, పాపం ఆ మగపిట్ట ఇంకో గూడు మొదలుపెడుతుంది. ఆ రాత్రే జాషువా గారి ‘గిజిగాడు’ పద్యాలు చదివి వినిపించండి. గ్రాంథికం కదా, అర్థం కాదేమో అని టెన్షన్ పడొద్దు. గూడు చూసి వచ్చిన పిల్లకు సగం పద్యం ముందే తెలిసి ఉంటుంది.

చదివాక ‘భావం చెప్పు’ అని మాత్రం అడగొద్దు. మా పాప ఒకసారి బడిలో పద్యం అప్పజెప్పలేక రెండు రోజులు ఏడ్చింది. ఆ పద్యం వాన గురించి. మా ఊళ్లో వాన పడితే ఇంటిల్లిపాదీ వాకిట్లోకి వస్తాం, అలాంటి వాన మీద బిడ్డకు కోపం వచ్చింది! అందుకే నేను వేరేగా అడుగుతా: నీకు ఏం కనబడింది? ఏం వినబడింది? ఇదే మన చేలో అయితే ఎట్లుంటుంది?

నాలుగైదేళ్ల పిల్లలకైతే ఇదంతా అక్కర్లేదు. మిద్దె మీద పడుకోబెట్టి చందమామను పిలిచే పాట పాడితే చాలు. అన్నమయ్య కూడా చందమామను పిలుస్తూ కీర్తన రాశాడనీ, ఆయన ఊరు మన కడప వైపు, రాజంపేట దగ్గరి తాళ్లపాకేననీ చెప్పండి.

రాయించడం మొదలుపెట్టడానికి తొలకరి మంచి కాలం. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో నేల తడవగానే ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. ఒకదాని దగ్గర కూర్చుని ‘ఇది దేనిలా ఉంది?’ అని అడగండి. మొదట మఖమల్ గుడ్డ అంటారు, తర్వాత ఎర్ర పూస అంటారు, అవి ఎక్కడో విన్నవి. ఇంకా, ఇంకా అని అడుగుతూ పోండి. మా పాప నాలుగోసారి ‘అవ్వ కుంకుమ బరిణె నుంచి పడిన చుక్క నడుచుకుంటా పోతాంది’ అంది. ఆ మాట ఉన్నది ఉన్నట్టు రాసిపెట్టాను. ‘పోతాంది’ని ‘పోతోంది’ అని దిద్దలేదు, మీరూ దిద్దొద్దు. మోడం (మబ్బు), గెనిమ, పదును (నేలలో తడి) లాంటి మాటలు అవ్వాతాతల దగ్గరే దొరుకుతాయి, వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. అలాంటి మూడు పోలికలు ఒకదాని కింద ఒకటి రాస్తే కవిత అయిపోయినట్టే.

పదేళ్లు దాటిన పిల్లలకు కలివికోడి కథ చెప్పండి. 1900 తర్వాత ఎవరికీ కనబడక, ఇక లేదనుకున్న పిట్ట 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. చీకటి పడ్డాక ముళ్లపొదల మధ్య నేల మీద పరుగెత్తే పిట్ట అది. దాని కోసమే లంకమల అడవిని అభయారణ్యం చేశారు. పిల్లలు దాన్ని చూసే అవకాశం దాదాపు లేదు కాబట్టి పూర్తిగా ఊహించుకోవాల్సిందే. ‘అన్నేళ్లు ఏం చేశావు?’ అని దానికి ఉత్తరం రాయించండి. మా ఇంట్లో ఆ ఉత్తరం సగంలో ఆగిపోయి ప్రశ్నలు మొదలయ్యాయి: అది ఏం తింటుంది, గుడ్లు ఎక్కడ పెడుతుంది, ఆ పొదలు కొట్టేస్తే ఎక్కడికి పోతుంది? నేనుగా పర్యావరణం పాఠం చెప్పి ఉంటే ఆ మూడో ప్రశ్న వచ్చేది కాదని నా నమ్మకం.

మరి ఎండాకాలంలో ఏం రాయించాలి? ఎండిన వంకలోకే తీసుకెళ్లండి. ఇసుక మీద తొండ నడిచిన గీతలు, పక్షి కాళ్ల ముద్రలు తెల్లవారుజామున బాగా కనబడతాయి. ఇక్కడ ఎవరెవరు తిరిగారో ఆ గుర్తులు చూసి చెప్పమనండి, మీరు రాసుకోండి. చెప్పులు వేయించండి, నీళ్ల సీసా మరవొద్దు, ఎనిమిదిన్నర లోపు ఇంటికి వచ్చేయండి.