పథకానికి కాదు, మాటకు మార్కులు: తెలుగు పార్టీల పాపులిజాన్ని కొలిచే పద్ధతి

తెలుగు పత్రికల్లో ‘జనాకర్షక’ అన్న మాట కనిపిస్తే అది దాదాపుగా పథకం గురించే: కిలో రెండు రూపాయల బియ్యం, ఉచిత కరెంటు. రాజనీతి శాస్త్రంలో పాపులిజం వేరు. సమాజాన్ని నిష్కల్మషమైన ప్రజలు, చెడిపోయిన పెద్దలు అని రెండుగా చీల్చి, పాలన ప్రజల ఉమ్మడి ఇచ్ఛ ప్రకారమే నడవాలనే ఆలోచన అని రాజనీతి శాస్త్రవేత్త కాస్ మూడే 2004లో నిర్వచించారు. ఈ తేడా తేల్చుకోకపోతే సంక్షేమం ఇచ్చిన ప్రతి పార్టీ మీరు మార్కులు వేసే పట్టికలో పాపులిస్టు అయిపోతుంది. పథకాలకు వేరే గడి పెట్టండి. మార్కులు మాటలకే వేయండి.

ఇందుకు మరో రాజనీతి శాస్త్రవేత్త కిర్క్ హాకిన్స్ పద్ధతి తెలుగుకు బాగా నప్పుతుంది. పదాలు లెక్కపెట్టరు, ప్రసంగం మొత్తం చదివి 0 (పాపులిజం దాదాపు లేదు), 1 (కొంత ఉంది), 2 (బలంగా ఉంది)లలో ఒక మార్కు వేస్తారు. ఒక్కో నాయకుడికి నాలుగు ప్రసంగాలు: ఎన్నికల సభ, ప్రారంభోత్సవం, విదేశీ వేదిక, బాగా పేరుపడ్డది ఒకటి. రాష్ట్ర నాయకులకైతే విదేశీ వేదిక బదులు అసెంబ్లీ ప్రసంగం తీసుకోండి. నాలుగూ ఎన్నికల సభలే అయితే మార్కు పెరిగిపోతుంది, ప్రచారంలో తిట్టని నాయకుడు ఉండడు కదా.

కంప్యూటర్‌తో పదాలు వెతికిస్తే తెలుగులో త్వరగా దెబ్బతింటాం. ‘ప్రజా’ అని కొడితే ప్రజాస్వామ్యం, ప్రజాప్రతినిధి, ప్రజాపంపిణీ అన్నీ వచ్చిపడతాయి. అసలు కావలసిన జనం, పేదోడు, సామాన్యుడు తప్పిపోతారు. యూనికోడ్ కాని పాత అను ఫాంట్ల పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే అక్షరాలే రావు. ముందు యూనికోడ్‌లోకి మార్చి, వత్తులు సరిచూడాలి. పత్రికలో వచ్చిన సభ వార్తను మాత్రం ప్రసంగంగా వాడకండి, అది కత్తిరించి తిరగరాసినది. ఆడియో దొరికితే మాండలికాన్ని దిద్దకుండా ఉన్నదున్నట్టు రాయించండి.

1982 మార్చి 29న పుట్టి 1983 జనవరిలో అధికారంలోకి వచ్చిన తెలుగుదేశం నినాదం చూడండి: ‘సమాజమే దేవాలయం, ప్రజలే దేవుళ్లు’. ప్రజలను పూజించడం ఉంది, శత్రువు లేడు. ఈ ఒక్క వాక్యం చూసి 2 వేయకూడదు. అదే ప్రసంగంలో ఢిల్లీ పెద్దలు తెలుగువారిని అవమానించారన్న వాదన నడిచి, ప్రజల తీర్పే చివరి మాట అని కూడా ఉంటే అప్పుడు లెక్క మారుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు జరిగేది ప్రాంతీయవాదం దగ్గర. తెలంగాణ ఉద్యమ ప్రసంగాల్లో ‘ఆంధ్రా పాలకులు’ అంటే కింద ప్రజలు, పైన పెత్తందార్లు: నిలువు గీత, పాపులిజానికి దగ్గర. ‘ఆంధ్రోళ్లు’ అంటే ఈ ప్రాంతం, ఆ ప్రాంతం: అడ్డగీత, అది వేరే లెక్క. ఒకే ప్రసంగంలో రెండూ కలుస్తాయి. అందుకని ఏ గీత ఎక్కడ పడిందో వాక్యంతో సహా పక్కన రాసి పెట్టాలి.

ప్రతి ప్రసంగాన్నీ ఇద్దరు విడివిడిగా చదవాలి, వేర్వేరు ప్రాంతాల వాళ్లయితే మరీ మంచిది. ముందు ఐదారు ప్రసంగాలు సాధనకు వాడి, వాటిని తుది లెక్కలోంచి తీసేయండి. ఇద్దరి మార్కులూ ఎంత కలిశాయో చెప్పే కొలత క్రిపెన్‌డార్ఫ్ ఆల్ఫా; అది 0.8 దాటితే నిశ్చింత. 0.667 కన్నా తగ్గితే మార్కులను సగటు చేసి సర్దుకోవద్దు; సూచనల కాగితాన్ని తిరగరాసి, ఇద్దరితోనూ మళ్లీ మొదటి నుంచి చదివించండి.