ఆర్ నేర్చుకుందాం - 9: తేదీ లూప్‌లోకి వెళ్లి అంకెగా మారింది

డేటా లెక్కలకు వాడే ఆర్ (R) ప్రోగ్రామింగ్ భాషలో, పోయిన పాఠంలో తేదీలు తయారుచేయడం వరకు వచ్చాం. ఈసారి వాటిని ఫర్ లూప్‌లో (విలువలను ఒక్కొక్కటిగా తీసుకుని అదే పని మళ్లీ మళ్లీ చేసే కోడ్‌లో) తిప్పుదాం. 2024 ఫిబ్రవరి 28, ఫిబ్రవరి 29, మార్చి 1: ఈ మూడింటినీ యాజ్ డాట్ డేట్ (as.Date) ఫంక్షన్‌తో ఒక వెక్టర్‌లో, అంటే ఒకే రకం విలువల వరుసలో, పెట్టండి. నేరుగా ప్రింట్ చేస్తే తేదీలే కనిపిస్తాయి. ఇప్పుడు ఫర్ లూప్ రాసి, లోపల ఒక్కొక్కటే ప్రింట్ చేయండి.

19781
19782
19783

ఎర్రర్ లేదు, వార్నింగ్ కూడా లేదు. అసలు చిక్కంతా అక్కడే. నేనొకసారి రోజుకో గ్రాఫ్ సేవ్ చేసే లూప్ రాసి ఫోల్డర్ తెరిస్తే, ఫైలు పేర్లన్నీ ఇలాంటి ఐదంకెల నంబర్లే. డేటా పాడైందన్న టెన్షన్‌లో గంటసేపు ఒరిజినల్ ఫైలంతా గాలించాను.

డేటాకేం కాలేదు. ఆర్ తేదీని దాచుకునే పద్ధతే అది: 1970 జనవరి 1 నుంచి ఎన్ని రోజులు గడిచాయో ఆ లెక్క. ఆ అంకెకు ‘డేట్’ అనే క్లాస్ (అది ఏ రకం విలువో చెప్పే గుర్తు) తగిలించి ఉంటుంది. ప్రింట్ దాన్ని చూసే తేదీలా చూపిస్తుంది. ఫర్ లూప్ మాత్రం లోపలి విలువను తీసుకుని క్లాస్‌ను అక్కడే వదిలేస్తుంది.

అందుకే తేదీల మీద కాకుండా వాటి స్థానాల మీద లూప్ తిప్పండి. సీక్ అలాంగ్ (seq_along) ఫంక్షన్ 1, 2, 3 అని ఇస్తుంది; జోడు చదరపు బ్రాకెట్లలో [[ ]] ఆ స్థానం వేసి తేదీని తీసుకుంటే క్లాస్ పోదు. వెక్టర్‌ను యాజ్ డాట్ లిస్ట్ (as.list)‌తో లిస్టుగా మార్చి తిప్పినా సరే. నా ఓటు మొదటిదానికే. ఫలితాలు దాచుకోవడానికి ఆ స్థానం ఎలాగూ కావాలి. ఎల్‌అప్లై (lapply: ప్రతి విలువ మీదా ఒక ఫంక్షన్ నడిపి ఫలితాలను లిస్టుగా ఇచ్చేది) ఈ గొడవ పెట్టదు. ఎస్‌అప్లై (sapply: అదే పని చేసి ఫలితాలను ఒకే వెక్టర్‌గా కలిపేది) మాత్రం ఫంక్షన్ తేదీలు ఇచ్చినా, చివర్లో అన్నీ కలిపేటప్పుడు మళ్లీ అంకెలు చేసేస్తుంది.

వర్గాల పేర్లను దాచుకునే ఫ్యాక్టర్‌ది ఇంకో రకం తంటా. లోపల ఉండేవి 1, 2, 3 కోడ్‌లే కదా, అవే వస్తాయనుకుంటాం. కానీ ఫర్ లూప్ ఫ్యాక్టర్‌ను టెక్స్ట్‌గా మారుస్తుంది. ‘తక్కువ, మధ్యస్థం, ఎక్కువ’ అని వరుస చెప్పి ఆర్డర్డ్ ఫ్యాక్టర్ చేశారనుకోండి. లూప్‌లో ‘తక్కువ’ కంటే పెద్దదా అని అడిగితే ‘ఎక్కువ’కు ఫాల్స్ (కాదు) అని వస్తుంది! మీరు చెప్పిన వరుస పోయి అక్షరక్రమం వచ్చింది. అందులో ‘ఎ’ ముందు, ‘త’ తర్వాత.

వచ్చే పాఠానికి ముందు ఒక పని. ఒక కాలమ్‌లో పేర్లు, ఇంకో కాలమ్‌లో 9, 65, 100 మార్కులు పెట్టి డేటా ఫ్రేమ్ (పట్టిక) చేయండి. అప్లై (apply) ఫంక్షన్‌తో వరుసవారీగా తిప్పుతూ మార్కులను ప్రింట్ చేయండి. కొటేషన్ గుర్తుల మధ్య 9కి ముందు ఎన్ని ఖాళీలున్నాయో లెక్కపెట్టి ఉంచుకోండి. అక్కడి నుంచే మొదలుపెడదాం.