కంచంలో ఎన్ని మారులు? గోదావరి జిల్లాల్లో బరువు తగ్గాలనుకునేవాళ్లకి

మన వైపు భోజనానికి కూర్చున్నవాళ్లు అన్నం ఒకసారి తినరు, నాలుగుసార్లు తింటారు. పప్పులోకి ఒకసారి, కూరలోకి ఒకసారి, పులుసో చారో పోసుకుని ఇంకోసారి, చివర పెరుగులోకి. మధ్యలో కొత్తావకాయ కనబడితే నెయ్యి వేసుకుని అయిదోసారి. ఏ మారుకి ఆ మారు చూస్తే కొంచెమే. అందుకే "నేను తినేదెంతండీ, రెండు ముద్దలేగా" అనేవాళ్లు అబద్ధమేమీ ఆడటం లేదు. వాళ్లకి గుర్తున్నది చివరి మారు ఒక్కటే.

కాబట్టి మొదటి మూడు రోజులు ఏదీ మానకండి, తూచండి. వంటింట్లో పెట్టుకునే చిన్న డిజిటల్ కాటా చాలు. కంచం పెట్టి సున్నా చేసి, మారు వడ్డించుకున్నప్పుడల్లా అన్నం బరువు రాసుకోండి. కాటా లేకపోతే రైస్ కుక్కర్‌తో వచ్చే ప్లాస్టిక్ కప్పుతో లెక్కేయొచ్చు. ఆ కప్పు నిండా బియ్యం సుమారు 150 గ్రాములు, వండితే దాదాపు 400 గ్రాముల అన్నం. వంద గ్రాముల అన్నానికి 130 క్యాలరీలు. మారుకి 125 గ్రాముల చొప్పున నాలుగు మారులంటే అరకిలో అన్నం, అంటే 650 క్యాలరీలు. రెండు పూటలకి 1300. ఇందులో పప్పు, నెయ్యి, కూర ఏవీ లేవు.

ఇప్పుడు పూటకి 300 గ్రాములకి దించండి. రెండు పూటలా కలిపి 400 గ్రాముల అన్నం తగ్గింది, అంటే రోజుకి 520 క్యాలరీలు. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 క్యాలరీల లోటు కావాలి కాబట్టి ఈ ఒక్క మార్పుతోనే నెలకి రెండు కిలోల దాకా తగ్గే వీలుంది. అంతకన్నా తొందరపడక్కర్లేదు.

దించే పద్ధతి ముఖ్యం. నాలుగు మారులూ ఉంచి తలా కాస్త తగ్గిద్దామనుకుంటే మూడో రోజుకి చెయ్యి పాత అలవాటుకి వెళ్లిపోతుంది. కూర్చునే ముందే మీ వాటా 300 గ్రాములు ఒక చిన్న గిన్నెలోకి తీసేయండి. పప్పు, కూర కలిపి ఒకే మారు చేసి దానికి 130, చారుకి 80, పెరుగుకి 90. అన్నం గిన్నె, హస్తం పొయ్యి దగ్గరే ఉండాలి, కంచాల దగ్గరికి రాకూడదు. ఖాళీ అయిన చోటుని కూరతో నింపండి: బీరకాయ, ఆనపకాయ, దొండకాయ, తోటకూర ఏదైనా 200 గ్రాముల దాకా. అన్నంలో కూర కలుపుకోవడం కాదు, కూరలో అన్నం కలుపుకున్నట్టుండాలి. మొదట్లో నోటికి వింతగా ఉంటుంది, పదిరోజులకి అలవాటవుతుంది.

అన్నం బొత్తిగా మానేసి రాత్రి చపాతీలకి మారేవాళ్లు మన దగ్గర చాలామంది. లెక్క చూడండి. 30 గ్రాముల పిండి చపాతీకి 100 క్యాలరీలు, పైన రాసే నూనెకి ఇంకో 30. మూడు చపాతీలు 390. మూడు వందల గ్రాముల అన్నం కూడా 390. ఎవరికైనా బరువు తగ్గితే చపాతీలో మహిమ ఏమీ లేదు, చపాతీకి మారు అడగరు కాబట్టి తగ్గారు. కొర్రలు, సామలు కూడా అంతే. పీచు ఎక్కువ కాబట్టి కడుపు నిండినట్టుంటుంది గానీ గింజలు తూచి చూస్తే క్యాలరీలు బియ్యానికి దగ్గరదగ్గరే. మన మార్టేరులో పుట్టిన స్వర్ణ వరి, అదే ఎం.టి.యు. 7029, రక్తంలో చక్కెరని నిదానంగా పెంచే రకాల్లో ఒకటని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పోలికల్లో తేలింది. షుగర్ ఉన్నవాళ్లకి మంచి మాటే. బరువు లెక్కలో మాత్రం స్వర్ణకి రాయితీ లేదు.

నూనె, కొబ్బరి

అన్నం తర్వాత రెండో దొంగ నూనె. నలుగురున్న ఇంట్లో నెలకి నాలుగు లీటర్లు అయిపోతుంటే మనిషికి రోజుకి 33 మిల్లీలీటర్లు, 270 క్యాలరీలకి పైమాటే. ప్యాకెట్ కోసి డబ్బాలో పోసిన రోజు తేదీ డబ్బా మీద రాయండి. లీటరు ఎన్నాళ్లొచ్చిందో చూస్తే ఎవర్నీ అడగక్కర్లేదు. నలుగురికి నెలకి రెండున్నర లీటర్లలో సర్దితే మనిషికి రోజుకి దాదాపు వంద క్యాలరీలు మిగులుతాయి. డబ్బాలోంచి మూకుట్లోకి వంపడం మానేసి అయిదు మిల్లీలీటర్ల చెంచాతో కొలిచి పోయండి. చెంచాకి సుమారు 40 క్యాలరీలు, నెయ్యికీ దాదాపు అంతే.

నూనె తగ్గిస్తే దొండకాయ వేపుడు అడుగంటుతుంది, ఇంట్లోవాళ్లు గొడవ చేస్తారు. దానికి పాత ఉపాయమే ఉంది. అరకిలో దొండకాయలు సన్నగా తరిగి, మూకుట్లో మూడు చెంచాల నూనెతో తాలింపు వేసి, ముక్కలు, ఉప్పు వేసి కలిపి, పైన గుంటగా ఉన్న పళ్లెం మూత పెట్టండి. ఆ పళ్లెంలో గ్లాసుడు నీళ్లు పోయండి. లోపలి ఆవిరి పైకి లేచి, చల్లని మూతకి తగిలి, నీటి బొట్లై మళ్లీ ముక్కల మీదే పడుతుంది. ముక్క తన నీటిలోనే మగ్గుతుంది. సన్న సెగ మీద పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు, మధ్యలో రెండుసార్లు కలపాలి. మూత మీది నీళ్లు వేడెక్కిపోతే వంచేసి చన్నీళ్లు పోయాలి. చివర మూత తీసి అయిదు నిమిషాలు పెద్ద సెగ పెడితే అంచులు ఎర్రబడతాయి. ఉప్పు ముందే వేయడం మర్చిపోతే ముక్కల్లోంచి నీరు సరిగా దిగదు, అప్పుడు మాడుతుంది.

కోనసీమలో కొబ్బరి లేని కూర ఉండదు. ముప్ఫై గ్రాముల పచ్చికొబ్బరి కోరుకి వంద క్యాలరీలు దాటుతాయి కాబట్టి కొబ్బరి వేసిన రోజు ఆ కూరలో నూనె సగానికి సగం కోయండి. బొండం నీళ్లకి భయం అక్కర్లేదు, 250 మిల్లీలీటర్లకి 50 క్యాలరీలుంటాయి.

చేపలు, రొయ్యలు మనకున్న అదృష్టం. 150 గ్రాముల శీలావతి లేదా బొచ్చె ముక్కల్లో పాతిక గ్రాములకి పైగా మాంసకృత్తులు దొరుకుతాయి. తగ్గే బరువు కండలోంచి కాకుండా కొవ్వులోంచి పోవాలంటే 70 కిలోల మనిషికి రోజుకి 70 నుంచి 80 గ్రాముల మాంసకృత్తులు కావాలి: చేప, రెండు గుడ్లు, 30 గ్రాముల కందిపప్పు, పావుకిలో పెరుగు, పొద్దున పెసరట్టు వేసుకుంటే అన్నంలో ఉన్నదాంతో కలిపి సరిపోతుంది. ఇవి తగ్గించి కేవలం ఆకుకూరతో కాలం గడిపేవాళ్లకి మూణ్ణెల్లకి జుట్టు రాలడం మొదలయ్యే అవకాశం ఉంది. చేపలతో ఇబ్బంది పులుసు. చేపల పులుసు కాగిన రోజు అన్నం ఒక మారు ఎక్కువే దిగుతుంది. ముక్కలు రెండు ఎక్కువ వేసుకోండి, గిన్నెలో అన్నం మాత్రం అదే 300.

టిఫిన్, టీ, రాత్రి పలారం

పెసరట్టు మంచిదే. అట్టుకి పట్టే 30 గ్రాముల పెసలకి వంద క్యాలరీలు, ఏడు గ్రాముల మాంసకృత్తులు, చెంచా నూనెతో 150 లోపే. దాని కడుపులో ఉప్మా పెట్టాక సంగతి వేరు. ఉప్మా వద్దని చెప్పి రెండు అట్లు తినండి. అల్లప్పచ్చడిలో బెల్లం ఉంటుందని గుర్తుంచుకుని అంచుకి మాత్రం తగిలించండి. దిబ్బరొట్టి నూనెలో కాలేది, నెలకి ఒకటి రెండుసార్లు చాలు.

రెండు చెంచాల పంచదార వేసిన టీ నాలుగుసార్లు తాగితే పంచదార ఒక్కటే 160 క్యాలరీలు. ఒకేసారి మానితే టీ చేదనిపించి మళ్లీ మొదలెడతారు. వారానికి అర చెంచా చొప్పున దించండి.

శనివారం, కార్తీక సోమవారం ఒంటిపూట ఉండేవాళ్లు ఒక్కసారి రాత్రి పలారం వైపు చూసుకోవాలి. అన్నం మానేశాం కదా అని నాలుగు అట్లు, కొబ్బరి పచ్చడి, పైన రెండు అరటిపళ్లు అయితే అది భోజనం కన్నా బరువు. మూడు ఇడ్లీలు, ఒక కప్పు పెరుగుతో సరిపెడితే ఉపవాసం బరువుకీ పనికొస్తుంది.

నడక

డెబ్భై కిలోల మనిషి గంటకి అయిదు కిలోమీటర్ల వేగంతో అరగంట నడిస్తే ఖర్చయ్యేది 130 క్యాలరీల దాకా. అంటే వంద గ్రాముల అన్నం, ఒక చిన్న మారు. నడిచొచ్చి "ఇవాళ నడిచాం కదా" అని ఒక మారు పెంచితే లెక్క అక్కడికక్కడే చెల్లు. నడక వల్ల అసలు లాభాలు వేరే ఉన్నాయి: తగ్గిన బరువు తిరిగి రాకుండా ఆగడం, షుగర్, నిద్ర. రాత్రి తిన్న వెంటనే పదిహేను నిమిషాలు వీధిలో తిరిగినా తిన్న తర్వాత లేచే చక్కెర తగ్గుతుంది.

డెల్టా అంతా చదును. ఎక్కే ఎత్తు లేదు కాబట్టి కాలవగట్టు మీద గంట నడిచినా ఒళ్లు కష్టపడదు. ముఖ్యంగా పక్కన మాట్లాడే స్నేహితుడుంటే. వేగానికి గుర్తు: మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లు చూసుకుని కిలోమీటరు పన్నెండు నిమిషాల్లోపు దాటండి. వారానికి 150 నిమిషాలు కనీసం. మే నెలలో తెల్లారి అయిదింటికి బయల్దేరి ఆరున్నరకల్లా ఇంట్లో ఉండాలి. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. తల తిరిగితే అక్కడే నీడన కూర్చోవాలి. నడిచొచ్చాక కాటా కిలో తక్కువ చూపిస్తే సంబరపడొద్దు, అది లీటరు చెమట. ఉప్పేసిన పల్చటి మజ్జిగ తాగితే తిరిగొచ్చేస్తుంది, రావాలి కూడా. వానాకాలం గట్లు బురద, పాముల భయం. అప్పుడు డాబా మెట్లు పది నిమిషాలు ఎక్కి దిగడం నడక కన్నా గట్టి పని.

వారానికి రెండు రోజులు కండకి పని పెట్టాలి. గుంజీళ్లు పదేసి మూడుసార్లు (మోకాళ్ల నొప్పులుంటే కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం), గోడకి చేతులు ఆనించి దండాలు పదేసి మూడుసార్లు, రెండు లీటర్ల నీళ్ల సీసా చేతికొకటి పట్టుకుని వరండాలో అయిదు నిమిషాలు నడవడం. రెండు వారాలకి తేలికైపోతే సంఖ్య పెంచండి.

పెళ్లిళ్లు, సంక్రాంతి, మర్యాదలు

ఇక్కడ ఏ డైటూ నిలబడనిది ఆకలి వల్ల కాదు, వడ్డించేవాళ్ల వల్ల. "అబ్బే, ఏం తిన్నారండీ, ఇంకొక్క గారె, నా మాట మీద" అంటే కాదనడం కష్టం. "డైట్‌లో ఉన్నానండీ" అన్నారా, రెండు గారెలు పడతాయి. పనిచేసే దారి వేరు. విస్తట్లో ఒక గారె ముక్క ఎప్పుడూ మిగిలి కనబడాలి, ఖాళీ విస్తరి చూస్తే చెయ్యి ఆగదు. తొందరగా పెరుగు అడిగేయండి. పెరుగు పడిందంటే కూరలవాళ్లు, పులిహోరవాళ్లు దాటిపోతారు. ఇంటికెళ్లినప్పుడైతే "కాస్త పొట్లం కట్టివ్వండి, పిల్లలకి పట్టుకెళ్తాను" అంటే పెట్టినవాళ్ల మనసూ నిండుతుంది.

అరిసె, సున్నుండ, కాజా ఏదైనా గ్రాముకి నాలుగు క్యాలరీల పైనే. నలభై గ్రాముల అరిసె 160 దాటుతుంది. పూతరేకు చేతిలో తేలిగ్గా ఉంటుంది, రేకు కాగితంలా ఉంటుంది గానీ మధ్యలో ఉన్నదంతా నెయ్యి, పంచదార. సంక్రాంతి మూడు రోజులూ తినండి, రోజుకి ఒకటి, భోజనంలో పెరుగు మారు బదులుగా. అసలు ప్రమాదం పండగ వెళ్లాక డబ్బాలో మిగిలిన అరిసెలు. అవి టీతో పాటు ఫిబ్రవరి దాకా నడుస్తాయి. కనుమ మర్నాడే పంచిపెట్టేయండి.

కాటా

ఎత్తు 165 సెంటీమీటర్లుంటే 62న్నర కిలోలు దాటాక అధిక బరువు, 68 దాటాక స్థూలకాయం అని మన భారతీయులకి పెట్టిన హద్దులు చెబుతాయి. దానికన్నా టేపు నయం: నడుం చుట్టుకొలత మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు. కాటా చాప మీద కాదు, గట్టి నేల మీద పెట్టాలి. పొద్దున్నే కాలకృత్యాలయ్యాక, ఏమీ తినకముందు ఎక్కాలి. ఆవకాయ, ఉప్పుచేప తిన్న మర్నాడు కిలో పెరిగినట్టు కనిపిస్తే అది ఉప్పు పట్టి ఉంచిన నీరు. మొదటి వారం దిగిన కిలోన్నరలో కూడా ఎక్కువ భాగం నీరే. అందుకే వారం మొత్తం సగటు రాసుకుని, పోయిన వారం సగటుతో పోల్చండి.

షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు అన్నం తగ్గించే ముందే డాక్టర్ని కలవాలి. మందు అంతే ఉండి అన్నం సగమైతే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. బీపీ మాత్రలదీ అదే దారి, బరువు దిగేకొద్దీ మోతాదు చూపించుకోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ లెక్కలు పెట్టుకోకూడదు.

రెండు మూడు నెలలకి ముల్లు ఆగిపోతుంది. ఒళ్లు తేలికైంది కాబట్టి దానికి కావలసిన తిండి కూడా తగ్గడం ఒక కారణం. రెండోది ఎక్కువ ఇళ్లలో జరిగేది: వంటింటి కాటా అలమార్లోకి వెళ్లిపోయి, అన్నం మళ్లీ కంటి అంచనాతో పడుతుంటుంది. వారం రోజులు దాన్ని తిరిగి బయటికి తీసి తూచండి. 300 అనుకుంటున్న గిన్నెలో 380 ఉంటే ఆగిన కారణం దొరికినట్టే. నిజంగానే 300 ఉంటే పెరుగు మారులో 50 తగ్గించి, నడకలో పది నిమిషాలు కలిపి, మూడు వారాలు చూడండి.