ఛాతీలోని మెషిను మోగిందా? ముందు చొక్కా జేబు చూడండి

పేస్‌మేకర్ చెకింగుకు కంగారుగా వచ్చేవారు బ్యాటరీని అనుమానిస్తారు, వైరును అనుమానిస్తారు. చొక్కా జేబును మాత్రం ఎవరూ అనుమానించరు.

సమస్య: ఐసీడీ (ప్రాణాంతక లయ వస్తే షాక్ ఇచ్చి గుండెను సరిచేసే, ఛాతీలో అమర్చే పరికరం) ఉన్నట్టుండి మోగుతుంది. లేదా పేస్‌మేకర్ ఉన్నవారికి కూర్చున్నచోటే గుండె ఒకే వేగంతో దడదడలాడుతుంది.

కారణం: అయస్కాంతం కావచ్చు. ఆపరేషన్లప్పుడు డాక్టర్లు వాడుకోవడానికి ఈ పరికరాల్లో అయస్కాంతాన్ని గుర్తించే ఏర్పాటు ఉంటుంది. 10 గాస్‌ల (అయస్కాంత బలానికి కొలత) బలం చాలు. అది డాక్టరు పెట్టినదా, ఇయర్‌బడ్స్ డబ్బాలోదా అన్నది దానికి అనవసరం. పేస్‌మేకర్ అయితే గుండె సొంత లయను పట్టించుకోకుండా స్థిర వేగానికి మారుతుంది. కంపెనీని బట్టి అది నిమిషానికి 85 నుంచి 100 దాకా ఉండవచ్చు. ఐసీడీ అయితే షాక్ ఇవ్వడం మానేస్తుంది. కొన్ని మోడళ్లు మోగి చెబుతాయి, కొన్ని చెప్పవు. నాకు భయం ఆ చెప్పనివాటితోనే: సరిగ్గా అప్పుడే ప్రాణాంతక లయ వచ్చినా మెషిను కదలదు.

2020లో వచ్చిన ఐఫోన్ 12 ఛాతీ దగ్గరికి తెస్తే ఐసీడీ ఆగిందని 2021 జనవరిలో అమెరికా డాక్టర్లు ప్రచురించారు. అది చెబితే ‘మాది మామూలు ఫోనేనండీ’ అంటారు. ఫోను మామూలుదే, దాని ఫ్లిప్ కవరు మూతలో అయస్కాంతం ఉంది! ఆఫీసు బ్యాడ్జి వెనుకా ఉంటుంది. వాచీకి అయస్కాంత పట్టీ ఉంటే, చేయి ఛాతీ మీద వేసుకుని పడుకున్నప్పుడు అది నేరుగా మెషిను మీదికే వస్తుంది. అనుమానం ఉన్న వస్తువును దూరంగా పెట్టి గుండుసూది తాకించండి. అతుక్కుంటే దొంగ దొరికినట్టే.

పరిష్కారం: ఫోనైనా, అయస్కాంతం ఉన్న మరేదైనా ఛాతీకి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. వైర్‌లెస్ ఛార్జరు మీదున్న ఫోనుకు 30. మెషిను ఎడమవైపుంటే ఫోను కుడి చెవికి. సాధారణంగా అయస్కాంతం తీయగానే మెషిను తన పనిలో పడుతుంది. అయినా మోగిందని క్లినిక్‌కు చెప్పండి. దగ్గర ఏ అయస్కాంతమూ లేకుండానే రోజూ ఒకే వేళకు మోగుతుంటే బ్యాటరీ లేదా వైరు సంగతి. అదే రోజు వెళ్లాలి.

మిక్సీ, మైక్రోవేవ్‌ల గురించి బెంగ అక్కర్లేదు. ఇండక్షన్ పొయ్యికి రెండడుగులు ఎడంగా నిలబడండి. విమానాశ్రయంలో మీ పరికరం కార్డు చూపించి, మెటల్ డిటెక్టర్ ద్వారం కింద ఆగకుండా నడవండి. వెల్డింగ్ చేసేవారు డాక్టరునే అడగాలి.

షాక్ కొడితే మాత్రం ఈ వెతుకులాటలేవీ వద్దు. ఒక్కటే కొట్టి బాగానే ఉంటే వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. రెండోది కొట్టినా, కళ్లు తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా 108కి.