ఐరిష్ బడిపిల్లల నోటుపుస్తకాలు చదవడం ఇలా

1937-39లో ఐర్లండ్‌లో సుమారు 5,000 బడుల పిల్లలు ఇంట్లో అవ్వాతాతలను అడిగి కథలు, సామెతలు, పసరు వైద్యాలు రాసుకొచ్చారు. ఐర్లండ్ జానపద సేకరణలు ఉంచే డూఖస్ (duchas.ie) వెబ్‌సైట్‌లో అవన్నీ ఉచితం. ఉత్తర ఐర్లండ్ ఆరు కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) మాత్రం ఇందులో ఉండవు.

ముందు ఇంగ్లిష్‌లో రాసిన పేజీలే తెరవండి, చాలానే ఉన్నాయి. ఒక కౌంటీ, అందులో ఒక్క బడి పట్టుకోండి. కథ కన్నా ముందు చెప్పినవాళ్ల పేరు, వయసు, ఊరు నోట్ చేసుకోండి. నాకు అదే ప్రాణం: ఆ కథ ఎవరి నోటి నుంచి వచ్చిందో తెలియకపోతే సగం పోయినట్టే.

ఐరిష్ భాషలో రాసిన పేజీలకు వచ్చేసరికి నేను నెల రోజులు తడబడ్డాను. మధ్యమధ్య '7' కనిపిస్తుంటే లెక్క అనుకున్నాను. అది అంకె కాదు, 'అగస్', అంటే 'మరియు'. హల్లు మీద చుక్క ఉంటే ఆ అక్షరం పక్కన ఇంగ్లిష్ 'హెచ్' చేర్చి చదవాలి. మన 'ద' కింద చిన్న గీత పెడితే 'ధ' అయినట్టు, అక్కడ చుక్కతో 'బ' పలుకు 'వ' అవుతుంది. ఎంత చక్కటి పద్ధతో!

స్పెల్లింగ్ పాతది కాబట్టి 1977 నాటి 'ఓ డోనిల్' ఐరిష్-ఇంగ్లిష్ నిఘంటువులో మాట దొరక్కపోతే 1927 నాటి 'డినీన్' నిఘంటువు తీయండి. ఎత్తి రాసుకునేటప్పుడు పిల్లల తప్పులు దిద్దకండి, ఉన్నదున్నట్టు ఉంచండి.