వేడి మీద మొరాయించే బండి (సెకండ్ హ్యాండ్ కారు పాఠాలు – 4)

గత పాఠంలో మల్టీమీటరుతో బ్యాటరీ చూడటం నేర్చుకున్నాం. ఈ పాఠానికీ ఆ మీటరు కావాలి. ఇక్కడ చెప్పేదంతా పెట్రోలు బళ్ల గురించే. డీజిల్ సంగతి వేరు, దాన్ని వచ్చే పాఠంలో చూద్దాం.

పొద్దున బండి ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుతుంది. హైదరాబాద్‌లో బయల్దేరి సూర్యాపేటలో టీకి ఆపుతారు. పావుగంటకి వచ్చి తాళం తిప్పితే లేవదు. ముప్పావుగంట చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. షెడ్డుకి తీసుకెళ్లేసరికి ఏ లోపమూ కనిపించదు. దాంతో అంచనా మీద ముందు ప్లగ్గులు మారతాయి, తర్వాత కాయిల్, ఆ తర్వాత పెట్రోలు పంపు. వేలు ఖర్చవుతాయి గానీ జబ్బు అక్కడే ఉంటుంది.

అందుకే ఈ జబ్బుకి ఒకటే పద్ధతి: బండి మొరాయించి నిలబడ్డప్పుడే పరీక్ష చేయాలి. చల్లారిందంటే సాక్ష్యం పోయినట్టే. కంగారులో పదేపదే సెల్ఫ్ కొట్టి ఆ కాస్త సమయాన్నీ, బ్యాటరీనీ వృథా చేయకండి. డిక్కీలో మల్టీమీటరు, టార్చి, పాత గుడ్డ, నీళ్ల సీసా ఉంచుకోండి. మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 (బండిలోని లోపాలను కంప్యూటరు కోడ్‌లుగా చెప్పే ఏర్పాటు) తప్పనిసరైంది కాబట్టి, ఆ తర్వాత తయారైన బండైతే ఫోన్‌కి కలిసే చిన్న స్కానర్ కూడా పెట్టుకోండి.

నడిచినంతసేపూ బాగున్న బండి ఆపాకే ఎందుకు మొరాయిస్తుంది? ఇంజిన్ ఆగితే కూలెంట్ తిరగడం ఆగుతుంది, ఎదురుగాలీ ఉండదు. ఇంజిన్ దిమ్మలో ఉన్న వేడి చుట్టుపక్కల భాగాల్లోకి పాకుతుంది. ఆపిన పది, ఇరవై నిమిషాల వరకు బానెట్ కింద ఉండే వేడి, రోడ్డు మీద నడిచేటప్పటికన్నా ఎక్కువ. సిగ్నల్ దగ్గర ఆపి వెంటనే తిప్పితే లేచే బండి, టీ తాగి వచ్చేసరికి లేవకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు తాళం తిప్పి చెవి పెట్టి వినండి. సెల్ఫ్ తిరుగుతోందా, లేదా? ఈ ఒక్క ప్రశ్నతో అనుమానాల్లో సగం తేలిపోతాయి.

సెల్ఫ్ తిరగకుండా టిక్కుమని ఆగినా, బరువుగా మూలుగుతూ తిరిగినా పెట్రోలు వైపు చూడనక్కర్లేదు. రాగి తీగ 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వేడెక్కితే దాని నిరోధం పాతిక శాతానికి పైగా పెరుగుతుంది. కొత్త సెల్ఫ్ మోటారు దాన్ని తట్టుకుంటుంది. అరిగిన మోటారు, తుప్పు పట్టిన ఎర్త్ వైరు (బ్యాటరీ నెగటివ్‌ని ఇంజిన్‌కి కలిపేది) తట్టుకోలేవు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, పక్కవారిని సెల్ఫ్ కొట్టమనండి. ఆ సమయంలో మీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్‌కి, రెండో కొన ఇంజిన్ దిమ్మ మీద శుభ్రమైన లోహానికి ఆనించండి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ వైరుదే తప్పు. విప్పి, గీకి, బిగిస్తే చాలాసార్లు అక్కడితో సరిపోతుంది. ఎర్త్ బాగుండి, బ్యాటరీ వోల్టేజీ కూడా 10కి తగ్గకుండా ఉండి, సెల్ఫ్ మాత్రం కదలకపోతే సెల్ఫ్ మోటారు దగ్గరున్న సన్న వైరులో 12 వోల్టులు వస్తున్నాయో లేదో చూడండి. వస్తుంటే సెల్ఫ్ మోటారు మీదుండే కరెంటు స్విచ్చి, అంటే సొలినాయిడ్‌ని అనుమానించాలి. రాకపోతే రిలే (కరెంటుని కలిపి తెంచే చిన్న డబ్బీ), ఇగ్నిషన్ స్విచ్చి చూడాలి.

సెల్ఫ్ హుషారుగా తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోతే అసలు పని ఇక్కడ మొదలవుతుంది. నేను ముందు అనుమానించేది క్రాంక్ సెన్సర్‌ని. ఇంజిన్ తిరుగుతోందని ఈసీయూకి (ఇంజిన్‌ని నడిపే కంప్యూటరుకి) చెప్పేది అదే. ఆ కబురు అందకపోతే చాలా బళ్లలో ఈసీయూ స్పార్కూ ఇవ్వదు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లూ తెరవదు. సెన్సర్ లోపలి సన్న తీగలో చిన్న పగులుంటే, వేడికి అది విచ్చుకుని కనెక్షన్ తెగుతుంది, చల్లారితే మళ్లీ అతుక్కుంటుంది. లోపం దొరక్కుండా తప్పించుకునేది ఇలాగే. స్కానర్‌లో క్రాంక్ సెన్సర్ లోపాన్ని చెప్పే పి0335 కోడ్ పడితే మంచిదే, కానీ పడలేదని సెన్సర్‌ని వదిలేయకండి. సెల్ఫ్ కొడుతూ స్కానర్‌లో ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) చూడండి. 200 చుట్టుపక్కల కనిపించాలి. సెల్ఫ్ తిరుగుతున్నా సున్నా చూపిస్తే అనుమానం బలపడుతుంది. అప్పుడు తడిగుడ్డ పిండి సెన్సర్ మీద రెండు, మూడు నిమిషాలు ఉంచండి. సైలెన్సర్ మానిఫోల్డ్ మీదా, ఆల్టర్నేటర్ మీదా నీళ్లు పడనివ్వకండి. బండి వెంటనే లేచిందంటే దొంగ దాదాపు దొరికినట్టే. రెండు వైర్ల సెన్సరైతే వేడి మీదే ప్లగ్ విప్పి ఓములు చూడండి. చల్లగా ఉన్నప్పుడు కొన్ని వందల ఓములు చూపించి, వేడిలో తెగిపోయినట్టు చూపిస్తే ఇక సందేహం అక్కర్లేదు. మూడు వైర్లది సాధారణంగా హాల్ సెన్సర్ (అయస్కాంతాన్ని పసిగట్టే ఎలక్ట్రానిక్ రకం), దాని మీద ఓముల పరీక్ష పనికిరాదు. మార్చేటప్పుడు దయచేసి కంపెనీ సెన్సరే వేయించండి. చౌక నకలు వేయిస్తే కొన్నాళ్లకి ఇదే కథ మళ్లీ మొదలవుతుంది.

ఆర్‌పీఎం సరిగ్గా వస్తుంటే పెట్రోలు వైపు వెళ్లాలి. తాళం ఆన్ చేయగానే చాలా బళ్లలో వెనక సీటు కింద పంపు రెండు సెకన్లు గుయ్యిమంటుంది. శబ్దం లేకపోతే ఫ్యూజు చూసి, పంపు రిలే తీసి అదే నంబరున్న హారన్ రిలే పెట్టి చూడండి. ఒక జాగ్రత్త: తాళం ఆన్‌కి ఈసీయూ పంపుని ఎలాగూ రెండు సెకన్లు నడుపుతుంది. శబ్దం వచ్చినంత మాత్రాన క్రాంక్ సెన్సర్ బాగున్నట్టు కాదు.

శబ్దం ఉంటే రెండు పరీక్షలు చేయండి. మొదటిది, తాళం ఆన్ చేసి మూడు సెకన్లు ఆగి ఆఫ్ చేయడం. ఇలా మూడుసార్లు చేశాక సెల్ఫ్ కొడితే వెంటనే లేచిందంటే ఆపిన తర్వాత పైపులో ప్రెషర్ నిలవడం లేదని అర్థం. ప్రెషర్ పోయిన పైపులో పెట్రోలు వేడికి ఆవిరవుతుంది. పంపులో వెనక్కి పోకుండా ఆపే వాల్వు గానీ, కారే ఇంజెక్టరు గానీ కారణం. కార్బురేటర్ రోజుల్లో అంబాసిడర్ పంపు మీద తడిగుడ్డ కప్పింది కూడా ఈ ఆవిరి కోసమే.

రెండోది, యాక్సిలరేటర్ పూర్తిగా కిందికి తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టడం. చాలా బళ్లలో అలా తొక్కితే ఈసీయూ పెట్రోలు ఆపేస్తుంది. దగ్గుతూ, నల్ల పొగ వదులుతూ లేచిందంటే లోపల పెట్రోలు ఎక్కువైంది. అప్పుడు స్కానర్‌లో కూలెంట్ ఉష్ణోగ్రత చూడండి. ఇంజిన్ కాలిపోతుంటే అది 30 డిగ్రీలనో, మైనస్ 40 అనో చూపిస్తుంటే కూలెంట్ సెన్సర్ గానీ దాని వైరు గానీ పోయింది. ఇంజిన్ చల్లగా ఉందనుకుని ఈసీయూ పెట్రోలు కుమ్మరిస్తోంది. ఉష్ణోగ్రత సరిగ్గా ఉంటే కారే ఇంజెక్టరు కోసం వెతకాలి.

వేడి మీద పెట్రోలు పైపు విప్పడం, రేడియేటర్ మూత తీయడం మాత్రం ఎట్టి పరిస్థితిలో చేయవద్దు. పెట్రోలు వాసన వస్తుంటే ప్లగ్గు విప్పి స్పార్క్ వస్తోందా అని చూసే పరీక్ష జోలికీ పోకండి.

బండి ఇంకా కొనలేదా? అయితే అమ్మేవారి ఇంటి ముందు చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి చూసి సంతృప్తిపడకండి. ముప్పావుగంట నడపండి, ఆపండి, పావుగంట మాటల్లో పెట్టండి, అప్పుడు తాళం తిప్పండి. దానికి ఒప్పుకోని వారి దగ్గర బేరం ఆపేయడమే మేలు.

ఈ వారం అభ్యాసం బండి బాగున్నప్పుడే చేయాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ ఎన్ని వోల్టులకి దిగుతోందో, ఆర్‌పీఎం ఎంత చూపిస్తోందో, ఇంజిన్ వేడెక్కాక కూలెంట్ ఎన్ని డిగ్రీలో నోట్‌బుక్‌లో రాసుకోండి. మీ బండి క్రాంక్ సెన్సర్ ఫ్లైవీల్ దగ్గరుందో, ముందు పుల్లీ దగ్గరుందో టార్చి వేసి వెతికి, చోటు గుర్తు పెట్టుకోండి. రోడ్డు పక్కన వేడి బానెట్ కింద మొదటిసారి వెతకడం కష్టం. వచ్చే పాఠంలో డీజిల్ బళ్లు, ఇంజెక్టర్ల నుంచి వెనక్కి పారే డీజిల్‌ని సీసాల్లో పట్టి కొలిచే పద్ధతి చూద్దాం.